పాత తలుపుల రంగు – పసిపిల్లల ఆరోగ్యం

షాబాన్ నెల వచ్చిందంటే మన ఇళ్ళలో సున్నాలు, రంగుల పని మొదలవుతుంది. రమజాన్‌ను శుభ్రమైన ఇంట్లో ఆహ్వానించాలనుకోవడం మంచిదే. కాని పాత తలుపులను, కిటికీలను గరుకు కాగితంతో రుద్దినప్పుడు లేచే సన్నని దుమ్ములో సీసం ఉండవచ్చన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

రంగు త్వరగా ఆరడానికి, ఎక్కువకాలం నిలవడానికి, పసుపు, ఎరుపు వర్ణాలు కొట్టొచ్చినట్లు కనిపించడానికి తయారీదారులు సీసపు సమ్మేళనాలను కలిపేవారు. ఇంటి రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని కేంద్ర ప్రభుత్వం 2016లో నియమాలు చేసింది. అవి 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చాయి. కనుక అంతకుముందు వేసిన ఎనామెల్ రంగులన్నిటినీ అనుమానించవలసిందే. ఉత్త సున్నంతో సాధారణంగా ఈ భయం లేదు. తలుపులు, కిటికీలు, ఇనుప చువ్వలు, పాత మంచాలు, ఉయ్యాలలు మనం చూసుకోవలసినవి.

సీసం ఇంత మోతాదు వరకు క్షేమమని చెప్పే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. నోటిద్వారా వెళ్ళిన సీసాన్ని పెద్దవారికంటే చిన్నపిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, రక్తహీనత కలిగిస్తుంది. ఎముకలలో ఏళ్ళ తరబడి నిలిచి, గర్భిణి నుండి గర్భస్థ శిశువుకు చేరుతుంది. బయటికి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. పాఠం నిలవని పిల్లవాణ్ణి సోమరి అని మందలించే ముందు, ఉపాధ్యాయులమైన మనం ఇటువంటి కారణాలను కూడా ఆలోచించాలి. మట్టి, రంగు పెచ్చులు తినే అలవాటున్న పిల్లల విషయంలో వైద్యుణ్ణి అడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించడం అవసరం.

కంటితో చూసి సీసాన్ని గుర్తించలేము. ఇంట్లో చేసుకునే పరీక్షల ఫలితం అన్నివేళలా నమ్మదగినది కాదు. పాత పొరలన్నీ వచ్చేలా రంగు పెచ్చును తీసి, గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్షింపజేయడం మేలు. అది వీలుకాకపోతే సీసం ఉన్నదనే భావించి జాగ్రత్తపడాలి.

రంగు గట్టిగా, పగుళ్ళు లేకుండా ఉంటే గోకవలసిన పనిలేదు. దానిపైనే కొత్త రంగు వేయవచ్చు. పెచ్చులూడుతున్నచోట, తలుపు తీసి మూసేటప్పుడు రాసుకునేచోట మాత్రం తొలగించాలి. ఆ పని జరిగేటప్పుడు పిల్లలు, గర్భిణులు ఆ ఇంట్లో ఉండరాదు. నేలపై ప్లాస్టిక్ పట్టా పరచి, నీళ్ళు చల్లి తడిగా ఉండగానే గోకాలి. పొడిగా రుద్దరాదు, మంటతో కాల్చరాదు. పనివానికి మంచి మాస్కు ఇవ్వడం యజమాని బాధ్యత. పని ముగిశాక చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో పలుమార్లు తుడవాలి. ఆ బట్టలను విడిగా ఉతకాలి. పెచ్చులను సంచిలో మూటకట్టి పారవేయాలి. రంగు వేసిన పాత చెక్కలను స్నానపు నీళ్ళ పొయ్యిలో పెట్టడం మన ఇళ్ళలో మామూలు. ఆ పొగ, బూడిద రెండూ ప్రమాదకరమే.

రంగు ఒక్కటే కాదు. సుర్మా పేరుతో అమ్మే పొడులలో కొన్ని సీసపు సల్ఫైడుతో చేసినవి. సున్నతును ప్రేమించేవారు పసివాళ్ళ కళ్ళకు ఏది పూస్తున్నారో తెలుసుకోవాలి.

“ఏళ్ళుగా ఇదే ఇంట్లో ఉంటున్నాం, ఏమైంది? అల్లాహ్ ఉన్నాడు” అనేవారుంటారు. తవక్కుల్ అంటే ఒంటెను విడిచిపెట్టడం కాదు, కట్టివేసి అల్లాహ్‌పై భారం వేయడం. సరుకులో లోపాన్ని దాచి అమ్మడం మన షరీఅత్‌లో నిషిద్ధమని ఎరిగిన మనం, ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు పెచ్చులూడే రంగును దాచడం ఎలా సమంజసం? హానిని తొలగించడం ఫిఖ్హ్ మూలసూత్రాలలో ఒకటి. దారిలోని ముల్లును తీసివేయడం పుణ్యమని పిల్లలకు నేర్పే మనం, వారు పాకే నేలపైనుండి విషపు దుమ్మును తొలగించడాన్ని చిన్న పనిగా ఎంచరాదు. సంతానం మనకు అప్పగించబడిన అమానత్. దాని గురించి మనం ప్రశ్నింపబడతాము.

అల్లాహ్ మన ఇళ్ళను, మన పిల్లలను కాపాడుగాక! ఆమీన్.