షెల్టర్‌లో కుక్కకి కొత్త కొలువు!

యజమాని వదిలేశాడు. ఎవరైనా పెంచుకుంటారేమోనని షెల్టర్‌లో ఎదురుచూస్తోంది. అలాంటి కుక్కకి ‘ఉద్యోగం’ వస్తుందంటే నమ్ముతారా? అమెరికాలో వస్తోంది. అదీ మాజీ సైనికులకు తోడుగా!

యుద్ధాల నుంచి తిరిగొచ్చిన చాలామంది సైనికులను పీటీఎస్‌డీ అనే మానసిక సమస్య వెంటాడుతుంది. పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలికిపాటు, జనంలోకి వెళ్లాలంటే భయం. ఇరాక్‌ నుంచి వచ్చిన తన కొడుకు ఇలాగే నలిగిపోవడం చూశారు షారీ డువాల్‌. 2011లో ఫ్లోరిడాలో ‘కే9స్‌ ఫర్‌ వారియర్స్‌’ సంస్థను ప్రారంభించారు. ఇక్కడి కుక్కల్లో ఎక్కువ భాగం షెల్టర్ల నుంచి వచ్చినవే.

సెలక్షన్‌ ఇలా...

గొప్ప జాతిదా కాదా అన్నది ముఖ్యం కాదు. వయసు, ఒడ్డూపొడుగూ, ఆరోగ్యం చూస్తారు. అన్నిటికంటే ముఖ్యం స్వభావం. కొత్త మనుషుల్ని, రద్దీని చూసి బెదరకూడదు, మీద పడకూడదు. తర్వాత కొన్ని నెలల శిక్షణ. పీడకల వస్తే తట్టి లేపడం, ఆందోళన మొదలవగానే పసిగట్టి దృష్టి మళ్లించడం, జనంలో యజమాని వెనకవైపు కాపు కాయడం నేర్పుతారు. ఆపై సైనికుడూ కుక్కా కలిసి మూడు వారాలు సాధన చేస్తారు. సైనికుడు పైసా కట్టక్కర్లేదు. ఈ పనికి సరిపడని కుక్కల్ని పెంచుకునేవాళ్లకి ఇస్తారు.

ఫలితం ఉందా? 156 మందిపై చేసిన అధ్యయనం 2024లో వెలువడింది. మూడు నెలల తర్వాత చూస్తే, కుక్క తోడున్నవారిలో పీటీఎస్‌డీ నిర్ధారణ అయ్యే అవకాశం మిగతావారికంటే 66 శాతం తక్కువ. అలాగని చికిత్స మానేయరు. కుక్క దానికి అదనపు బలం.

సర్టిఫికెట్‌ అడగరు!

హోటల్‌కో దుకాణానికో ఈ కుక్కతో వెళ్తే, అక్కడి చట్టం ప్రకారం సిబ్బంది రెండే ప్రశ్నలు అడగాలి. వైకల్యం వల్ల ఇది అవసరమా? ఏ పని చేయడానికి శిక్షణ పొందింది? ధ్రువపత్రం చూపించమనకూడదు. ఊరికే పక్కనుండి ధైర్యమిచ్చే పెంపుడు కుక్క సర్వీస్‌ డాగ్‌ కిందికి రాదు. పని వచ్చి ఉండాలి. ఇంటర్వ్యూకి వెళ్లేముందు మనమూ వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: నాకు ఏ పని వచ్చు?

జంతువులంటే ఇష్టమా? నీట్‌ ర్యాంకుతో బీవీఎస్సీలో చేరొచ్చు. ఆ డిగ్రీ ఉంటే మన సైన్యంలోని రీమౌంట్‌ వెటర్నరీ కోర్‌లో అధికారి కొలువులకు పోటీపడొచ్చు.