బొటనవేలి బుడిపె: ఏ శస్త్రచికిత్స ఎవరికి?

కోటప్పకొండ మెట్లెక్కి నరసరావుపేటకు తిరిగివచ్చిన మర్నాడు కాలి బొటనవేలి మొదట్లోని బుడిపె ఎర్రబడి, చెప్పు తగలనీయకపోతే దానిని ఆనెకాయగా భావించి కోయరాదు. అది ఎముక వంకర. బొటనవేలు రెండవ వేలివైపు ఒరుగగా, దాని వెనుకనున్న పాదపుటెముక పక్కకు పొడుచుకు వస్తుంది. వైద్యులు దీనిని 'బునియన్' అంటారు.

నువ్వులనూనె మర్దన, ముందుభాగం వెడల్పుగా ఉన్న చెప్పులు బాధను తగ్గించగలవు గాని, వంకరను సరిచేయలేవు. ఫిన్లాండులో 209 మందిపై జరిగి 2001లో ప్రచురితమైన పరిశీలనలో, పాదరక్షలలో అమర్చిన మెత్తలు ఆరు నెలల వరకు ఉపశమనమిచ్చాయి. ఏడాది నిండేసరికి శస్త్రచికిత్స పొందినవారే మెరుగుగా ఉన్నారు.

పద్ధతులు – ఫలితాలు

చెవ్రాన్: ఫిన్లాండులో చేసినది ఇదే. ఎముకను కోసి జరుపుతారు. స్వల్ప, మధ్యస్థ వంకరలకు తగినది.

స్కార్ఫ్: ఎముకను పొడవునా కోసి సరిచేస్తారు. మరికొంత ఎక్కువ వంకరకు ఉపయోగిస్తారు.

లాపిడస్: పాదం మధ్యనున్న కీలును అతికిస్తారు. తీవ్రమైన వంకరకు, కీలు వదులైనవారికి మేలు. కోలుకొనుటకు ఎక్కువ కాలం పడుతుంది.

కెల్లర్: వేలి ఎముక మొదలును తొలగిస్తారు. వేలు పొట్టిదై బలహీనపడి, బరువు పక్కవేళ్ళ మొదళ్ళపై పడవచ్చు. కనుక తక్కువగా నడిచే వృద్ధులకే పరిమితం.

కీలు అరిగిపోయినవారికి బొటనవేలి కీలునే అతికించుట ఉత్తమం.

ఏ పద్ధతిలోనైనా వంకర తిరిగి రావచ్చు. నొప్పి లేనిచో కేవలం అందం కొరకు శస్త్రచికిత్స చేయించుకొనరాదు. మధుమేహమున్నవారు ముందుగా పాదాలలో రక్తప్రసరణను, స్పర్శను పరీక్షింపజేసుకొనుట తప్పనిసరి.