చూసేవాళ్లే స్టేజీ ఎక్కితే!

నాటకానికి వెళితే మనం ఏం చేస్తాం? పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, పక్కావిడతో గుసగుసలాడుతూ చూస్తాం. నవ్వొస్తే నవ్వుతాం, ఏడుపొస్తే కొంగుతో కళ్లొత్తుకుంటాం. అత్తింటివాళ్ల ఆరళ్లన్నీ కథానాయిక నోరుమూసుకుని భరిస్తుంటే, "అలా ఊరుకుంటుందేమిటి, నాలుగు కడిగెయ్యక!" అని మనలో మనమే సణుక్కుంటాం. అంతకు మించి చేసేదేముంది? రాసినవాళ్లు రాసేశారు, ఆడేవాళ్లు ఆడేస్తున్నారు.

సరిగ్గా అప్పుడే ఎవరో మీ వైపు తిరిగి, "అయితే రండమ్మా, ఆ అమ్మాయి స్థానంలో నిలబడి ఏం చెయ్యాలో చేసి చూపించండి" అంటే? గుండె దడదడలాడుతుంది కదూ! కానీ అలాంటి నాటకాలు నిజంగానే ఉన్నాయి. అవి పుట్టడానికి కారణం కూడా మనలాంటి ఒక ప్రేక్షకురాలే.

చీపురు అందుకున్న ప్రేక్షకురాలు

అగస్టో బోవాల్ (1931-2009) బ్రెజిల్ దేశపు నాటక దర్శకుడు. 1971లో అక్కడి సైనిక ప్రభుత్వం ఆయన్ని నిర్బంధించి హింసించింది. విడుదలయ్యాక దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. 1973లో పెరూ దేశంలో పెద్దవాళ్లకు చదువు నేర్పే కార్యక్రమంలో చేరి, అక్కడ నాటకాలు వేయించాడు. నటులు కథను చిక్కుముడి దాకా నడిపి ఆపేసేవారు. ఆ తర్వాత ఏం జరగాలో ప్రేక్షకులు కూర్చున్నచోటి నుంచే చెప్పేవారు. నటులు అలాగే ఆడి చూపించేవారు.

ఒకరోజు ఒకావిడ తన గోడు చెప్పుకుందని బోవాల్ రాశాడు. ఇల్లు కట్టిస్తానంటూ భర్త ఆమె దగ్గర డబ్బు తీసుకుని, రసీదులని చెప్పి కొన్ని కాగితాలు చేతిలో పెట్టేవాడట. చదువు రాని ఆ ఇల్లాలు వాటిని భద్రంగా దాచుకుంది. చివరికి పొరుగింటావిడ చేత చదివిస్తే తేలిందేమిటి? అవి రసీదులు కావు, అతనికి ఇంకో స్త్రీ రాసిన ప్రేమలేఖలు! ఊరెళ్లిన భర్త మర్నాడు ఇంటికి రాబోతున్నాడు. ఇప్పుడీవిడ ఏం చెయ్యాలి?

ఏడ్చి అతని మనసు కరిగించమన్నారొకరు. ఇల్లు వదిలి పొమ్మన్నారు మరొకరు. అతన్నే బయటికి గెంటమన్నారు ఇంకొకరు. అన్నీ ఆడి చూశారు, ఏదీ అతకలేదు. అప్పుడు ప్రేక్షకుల్లోంచి బాగా దిట్టంగా ఉన్న ఒకావిడ లేచి, ముందు మొగుడితో స్పష్టంగా మాట్లాడాలనీ, ఆ తర్వాతే క్షమించాలనీ అంది. నటి ఎంత గట్టిగా మాట్లాడి చూపించినా ఆవిడ పెదవి విరుస్తూనే ఉంది. ఇక లాభం లేదని బోవాల్ ఆవిడనే స్టేజీ మీదికి పిలిచాడు. ఆవిడ చరచరా వచ్చి, చీపురు అందుకుని, భర్త వేషంలో ఉన్న నటుణ్ణి వాయించేసింది! ఆపైన క్షమించేశానని చెప్పి, వంటింట్లోకెళ్లి తనకు భోజనం పట్టుకురమ్మని పురమాయించిందట.

తల్చుకుంటే నవ్వాగదు. అయితే ఆ నవ్వులో బోవాల్‌కు ఒక పాఠం దొరికింది. 'స్పష్టంగా' అనే మాటకు ఆవిడ మనసులో ఉన్న అర్థం ఆవిడకు తప్ప ఎవరికీ తెలియలేదు. చీపురే సమస్యకు పరిష్కారమని కాదు. ఒకరి బాధకు జవాబు ఇంకొకరి నోట పలికించలేం, ఎవరి మాట వారే వచ్చి చెప్పాలి. అలా మొదలైందే 'ఫోరం థియేటర్'.

భర్త హఠాత్తుగా మారిపోతే చెల్లదు!

ఇందులో ముందు నాటకాన్ని ఒకసారి పూర్తిగా ఆడతారు. అది చెడుగానే ముగుస్తుంది. వెంటనే మళ్లీ మొదలెడతారు. ఈసారి ప్రేక్షకుల్లో ఎవరైనా "ఆపండి!" అని స్టేజీ ఎక్కి, కష్టాల్లో ఉన్న పాత్రను తామే ధరించి, దారి వెతకొచ్చు. ఎదుటి పాత్రధారి మాత్రం తేలిగ్గా లొంగడు. నిజజీవితంలో లొంగుతారా మరి?

ఇందులో ఒక చక్కని నియమం ఉంది. అత్తగారు ఉన్నట్టుండి దేవతైపోయినా, తాగుబోతు భర్త క్షణంలో బుద్ధిమంతుడైపోయినా చెల్లదు. దాన్ని 'మాయమంత్రం' అంటారు. ఉన్న పరిస్థితుల్లోనే, ఉన్న మనుషుల మధ్యే ఏం చెయ్యగలమో చూడాలి. మన సినిమాల చివరి రీలు గుర్తొస్తోందా?

మన దేశంలో ఈ పద్ధతికి ప్రాణం పోసినవాళ్లు పశ్చిమ బెంగాల్‌లోని 'జన సంస్కృతి' వాళ్లు. సంజయ్ గంగూలీ 1985లో దీన్ని ప్రారంభించారు. వరకట్నం, ఇంట్లో హింస, బాల్యవివాహాలు వీళ్ల నాటకాల్లో కథావస్తువులు. పొలం పనులు చేసుకునే పల్లెటూరి ఆడవాళ్లు కూడా ఇందులో నటీమణులయ్యారు.

ఇదంతా ఉత్త కాలక్షేపమే అనుకోకండి. బోవాల్ 1993 నుంచి 1996 వరకు రియో డి జనీరో నగరపాలక సభ్యుడిగా ఉన్నాడు. ఆ కాలంలో ఇలాంటి నాటకాల్లో జనం చెప్పిన సూచనల ఆధారంగా 13 చట్టాలు వచ్చాయి.

నవ్వులకు మూలం కూడా ఓ మహిళే

ప్రేక్షకులు ఒక మాట విసిరితే దానిమీద అప్పటికప్పుడు హాస్యం అల్లే ప్రదర్శనలు ఇప్పుడు మన నగరాల్లోనూ జరుగుతున్నాయి. వీటిని 'ఇంప్రోవ్' అంటారు. అమెరికాలోని షికాగో నగరానికి చెందిన వయోలా స్పోలిన్ (1906-1994) పిల్లల కోసం, వలస వచ్చినవారి కోసం కూర్చిన ఆటలే దీనికి పునాది. ఆ ఆటలన్నిటినీ 1963లో పుస్తకంగా తెచ్చింది. ఆమె కొడుకు పాల్ సిల్స్ మరికొందరితో కలిసి 1959లో 'సెకండ్ సిటీ' అనే హాస్య నాటకశాలను మొదలుపెట్టాడు.

ఇంప్రోవ్‌లో మొదటి సూత్రం: ఎదుటివాళ్లన్న మాటను కాదనకుండా, "అవును" అని ఒప్పుకుని దానికి ఇంకోటి చేర్చడం. చెప్పాపెట్టకుండా నలుగురు చుట్టాలు దిగితే ఉన్న పప్పులోనే నీళ్లు, చింతపండు చేర్చి చారు చేసే మనకు ఈ విద్య కొత్తా!

మన అష్టావధానంలో 'అప్రస్తుత ప్రసంగం' మాత్రం తక్కువదా? అవధాని పద్యం ఆలోచిస్తుంటే ఒకరు అడ్డదిడ్డం ప్రశ్నలు వేస్తారు. అవధాని అప్పటికప్పుడు చమత్కారంగా జవాబిచ్చి సభను నవ్విస్తారు. గుమ్మంలోకొచ్చి ఇల్లాలితో మాటామాటా కలిపి నవ్వించే పగటి వేషగాళ్లదీ ఈ విద్యే.

మీ ఇంట్లో ఆడి చూడండి

అద్దం ఆట: ఇద్దరు ఎదురెదురుగా నిలబడండి. ఒకరు చేసినట్టే రెండోవారు అద్దంలో బొమ్మలా చెయ్యాలి. కాసేపయ్యాక మారండి. చిన్నపిల్లలకు బలే సరదా.

అర్థం లేని భాష: "గబగిబ లుబులుబు" అంటూ ఏ భాషా కాని భాషలో కూరలు బేరమాడాలి. చేతులు, ముఖమే అర్థం చెప్పాలి. మాట్లాడ్డానికి సిగ్గుపడే పిల్లలకు ఇది మంచి మందు.

భోజనాల వేళ: ఇది ఫోరం పద్ధతి. అమ్మ పాత్ర అమ్మాయికో, అబ్బాయికో ఇవ్వండి. "నీళ్లేవి, ఊరగాయేది, అప్పడం లేదా" అని మిగతావాళ్లు వరసగా అడుగుతుండాలి. అమ్మ పాత్రధారి కూర్చుని ఒక ముద్ద తినడానికి దారి వెతకాలి. ఎవరైనా "ఆపండి!" అని ఆ స్థానంలోకి రావచ్చు. మీరు మాత్రం అడిగేవాళ్లలోనే ఉండండి. శ్రీవారికి అమ్మ పాత్ర ఇస్తే ఇంకా మంచిది!

రెండు జాగ్రత్తలు

మొదటిది, ఏ ప్రదర్శనలోనైనా పిలిచినంత మాత్రాన స్టేజీ ఎక్కితీరాలని లేదు. ఇష్టం లేకపోతే నవ్వుతూ "వద్దండీ" అనండి. మంచి కళాకారులు బలవంతం చెయ్యరు. ప్రేక్షకుల ఒళ్లునో, రంగునో వెక్కిరించి నవ్వించేది చవకబారు హాస్యం.

రెండోది, నిజంగా చెయ్యిచేసుకునే మనిషి ఉన్న ఇంట్లో అతనితో ఇలాంటి ఆటలొద్దు. అక్కడ కావలసింది సాయం. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యండి.

మిగతా ఇళ్లలో మాత్రం ఈ ఆదివారమే మొదలెట్టండి. రోజూ "ఏం చేస్తాం, మన రాత ఇంతే" అనుకునే చోట ఒక్కసారి "ఆపండి, ఇంకోలా చేసి చూద్దాం" అనడం అలవాటైతే, అది ఆటతో ఆగదు. ఆ మాట బయటికి అనడానికి ముందు నోరు పెగలాలి కదా. దానికి నవ్వుతూ నేర్చుకునే బడి ఇంతకన్నా ఏముంటుంది, మీరే చెప్పండి!