శిక్షనుండి చికిత్సకు

సవాయి, సెగ మున్నగు రోగములను మనము సుఖవ్యాధులని వ్యవహరింతుము. ఆ పేరులోనే ఒక తీర్పు దాగియున్నది. తల్లి గర్భమునందే సవాయి సోకిన శిశువు ఏ సుఖమును అనుభవించినది? ఇట్టి తీర్పే ఒకప్పుడు చట్టరూపమును ధరించినది.

సైనికులలో ఈ వ్యాధులు ప్రబలుటచే 1864లో బ్రిటిష్ పార్లమెంటు అంటురోగముల చట్టమును చేసినది. సైనిక, నౌకా స్థావరములున్న కొన్ని పట్టణములలో వేశ్యయని పోలీసులు అనుమానించిన స్త్రీకి వైద్యపరీక్ష తప్పదు. రోగమున్నచో ఆసుపత్రిలో నిర్బంధము. మొదట మూడు నెలలకు మించని ఆ నిర్బంధము 1869 నాటికి తొమ్మిది నెలల వరకు పెరిగినది. పురుషునికి మాత్రము ఈ చట్టమున పరీక్ష లేదు! రోగము ఇరువురిది, శిక్ష ఒకరిది.

1868లో మన దేశమునకును అట్టి చట్టమే వచ్చినది. ఇంగ్లండులో జోసఫీన్ బట్లర్ అను వనిత ఈ అన్యాయముపై ఏండ్ల తరబడి ఉద్యమము నడపెను. తుదకు 1886లో అక్కడను, 1888లో ఇక్కడను ఆ చట్టములు రద్దయినవి.

1905లో సవాయి క్రిమి బయటపడినది. 1910లో ఎర్లిక్ కనుగొనిన సల్వర్సాన్ అను మందు వాడుకలోనికి వచ్చినది. మందు వచ్చినను రోగి రావలెను గదా! 1916లో బ్రిటన్ ఉచితముగా, గోప్యముగా చికిత్స జరుపుటకు నిబంధనలు చేసి, వ్యయములో నూటికి 75 వంతులు ప్రభుత్వమే భరించునట్లు ఏర్పరచినది. వెనుకటి చట్టము రోగిని పట్టి తెచ్చినది; ఈ నిబంధనలు రోగి తానై వచ్చుటకు తలుపు తెరచినవి.

1986లో మన దేశమున హెచ్.ఐ.వి. తొలిసారి మద్రాసులో బయటపడగా పాత భయము మరల తలయెత్తినది. గోవాలో 1989లో ఆ క్రిమి సోకిన ఒక యువకుని చట్టము పేరిట నిర్బంధించిరి. అట్టి స్థితినుండి మనము 2017 నాటి చట్టమునకు వచ్చితిమి. సమ్మతి లేని పరీక్షను, రోగి వివరముల వెల్లడిని, పాఠశాలలో గాని ఉద్యోగములో గాని వివక్షను అది సాధారణముగా నిషేధించుచున్నది.

తరగతిలో ఈ వ్యాధుల ప్రసక్తి రాగానే పిల్లలు నవ్వుదురు. మనము పుట త్రిప్పివేయుదుము. ఆ నవ్వునకు వెరచియే రేపొక యువకుడు వైద్యుని కడకు పోక మానును. చట్టము తెరచిన తలుపును మన మౌనము మూయరాదు.