చక్రాల ఇంట్లో చలిరాత్రి

రాత్రి రెండు గంటల వేళ మెలకువ వచ్చింది. అంతవరకూ మంచం కింద సన్నగా రొద చేస్తూ వెచ్చని గాలి విసురుతున్న హీటరు మూగబోయింది. కిటికీ అద్దానికి లోపలివైపే మంచు పేరుకున్నది. అది జూన్ మాసం!

కొన్ని సంవత్సరాల కిందటి మాట. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని రాకీ పర్వతాలను చూడడానికి మా బావగారు ఒక ‘ఆర్.వి.’ని అద్దెకు తీసుకున్నారు. అది లారీ అంత వాహనం. లోపల పడకలు, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు, స్నానాలగది ఉంటాయి. సంసారాన్ని యావత్తూ చక్రాల మీదికెక్కించారన్నమాట. విజయవాడ ఎండల్లోంచి వెళ్ళిన నేను ఉన్నిదుస్తులు సగం డెన్వర్‌లోని అక్కావాళ్ళ ఇంట్లోనే వదిలి బయలుదేరాను. అక్క హెచ్చరించింది, నేను వినలేదు. అక్కడి ఆకాశానికి పంచాంగంతో నిమిత్తం లేదని నాకేం తెలుసు? 2020 సెప్టెంబరు 5న 101 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండ కాసిన డెన్వర్‌లో 8వ తేదీన మంచు కురిసింది.

ఆనాటి మధ్యాహ్నం మేము ఎక్కినది ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు. 1932లో వాహనాలకు తెరచిన ఈ మార్గం 12,183 అడుగుల ఎత్తుకు చేరుతుంది. చెట్లు సైతం పెరగని ఎత్తున 11 మైళ్ళు సాగుతుంది. గాలి పలుచనై ఇంజను ఆయాసపడుతుండగా మంచు మొదలైంది. పార్కు ఉద్యోగి ఒకరు మమ్మల్ని ఆపి వెనక్కి పంపివేశారు. దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా తొక్కితే వేడెక్కి పట్టు తప్పుతుంది. బావగారు తక్కువ గేరులోనే ఉంచి, పెళ్ళి ఊరేగింపులా దింపారు. దేవదారు చెట్ల నడుమ, వాహనాలు నిలిపే చోట బస చేశాము.

ఇక హీటరు సంగతి. అది గ్యాసుతో మండుతుంది గాని, వేడిని పంచే ఫ్యాను బ్యాటరీతో తిరగాలి. చలికి బ్యాటరీ శక్తి క్షీణిస్తుంది. పైగా దీపాలన్నీ వేసుకుని పొద్దుపోయేదాకా పేకాడాము. సిలిండరు నిండుగానే ఉంది. వేడి మాత్రం లేదు.

“ఏమోయ్, పొయ్యి వెలిగిస్తే సరి!” అన్నారు బావగారు. పొయ్యి పక్కన అంటించిన హెచ్చరిక నేను సాయంత్రమే చదివాను. చిన్న అక్షరాలు చదవడం అనువాదకుల వృత్తిదోషం. గది వేడికి ఈ పొయ్యి వాడరాదని అందులో స్పష్టంగా ఉంది. ఆ మాటే అన్నాను. కాని పదేళ్ళ మేనకోడలు గజగజ వణుకుతున్నది. నేను గట్టిగా వారించలేదు.

మూడు బర్నర్లూ వెలిగాయి. హాయిగా ఉంది. ఆ హాయిలోనే ఉంది ప్రమాదం. హీటరు పొగ గొట్టం ద్వారా వెలుపలికి పోతుంది; పొయ్యి పొగ గదిలోనే ఉండిపోతుంది. ప్రాణవాయువు చాలక మంట సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. “మామయ్యా, తలనొప్పి” అన్నది పిల్ల. చలివల్లనేమో అనుకున్నాను. మరి కాసేపటికి గోడమీది చిన్న పెట్టె చెవులు చిల్లులుపడేలా కూతపెట్టింది.

పొయ్యి ఆర్పి, దుప్పట్లతో సహా మంచులోకి దూకాము. అక్క పిల్లను గుండెలకు హత్తుకుని నిలబడింది. ఎవరినీ ఏమీ అనలేదు. తిడితే బాగుండుననిపించింది. చల్లగాలికి పిల్ల తేరుకుని “ఆకలి” అన్నాక గాని నా కాళ్ళలో వణుకు తగ్గలేదు.

తలుపులు బార్లా తెరచి చాలాసేపు ఉంచాము. ఆ తరువాత బావగారు పెనంతో పొగగొట్టం చుట్టూ పేరుకున్న మంచును తవ్విపోసి వాహనం ఇంజను నడిపారు. బ్యాటరీ కోలుకుంది, హీటరు మళ్ళీ పలికింది. తెల్లవారేవరకూ ఆయనా నేనూ వంతులవారీగా కాపలా కూర్చున్నాము.

ఉదయం కుళాయి తిప్పితే చుక్క రాలేదు. గొట్టంలో నీరు గడ్డకట్టింది. అక్క గిన్నె నిండా తెల్లని మంచు తెచ్చి, తలుపూ కిటికీలూ తెరచిపెట్టి, కాఫీకి పొయ్యి వెలిగించింది.