సముద్రస్నానమునకు పోవు మెట్టరైతు – సునామీ హెచ్చరిక



కొండవీటి కొండ క్రింద పత్తి, మిరప పండించువారికి సునామీ సంగతి యెందుకని మీరు అడుగవచ్చును. అడుగదగినదే. సూర్యలంక తీరము మీకు ఇంచుమించు 50 కిలోమీటర్ల దూరము. అంత దూరమునకు ఏ అలయు రాదు. కాని కార్తిక పౌర్ణమికి మీరే సముద్రము వద్దకు పోవుదురు. పిల్లలను, ముసలివారిని ట్రాక్టరు ఎక్కించుకొని సూర్యలంకకో, చీరాల ఓడరేవుకో పోయి స్నానము చేసివచ్చుట మన పల్లెలలో వాడుక. ఏడాదికి ఒకనాడు సముద్రమును చూచువానికి దాని తీరు జాలరికి తెలిసినట్లు తెలియదు. ఈ నాలుగు మాటలు అందుకొరకే.

2004 డిసెంబరు 26 కూడ పౌర్ణమియే, ఆదివారము. ఆ ఉదయము సుమారు 6-30 గంటలకు సుమత్రా దీవి వద్ద సముద్రగర్భమున 9.1 తీవ్రతగల భూకంపము కలిగినది. అల మన కోస్తాకు చేరుటకు రెండు గంటలకు పైగా పట్టినది. ఆ వ్యవధిలో తీరమునకు కబురు చెప్పు ఏర్పాటు ఆనాడు హిందూ మహాసముద్రమున లేకపోయెను. ఆంధ్రప్రదేశములో నూరుమందికి పైగా మరణించిరి.

సునామీ గాలికి లేచు అల కాదు. సముద్రపు అడుగున నేల హఠాత్తుగా లేచినపుడు దానిపై నున్న నీరంతయు అడుగునుండి కదలును. నాలుగు కిలోమీటర్ల లోతుగల చోట అది గంటకు సుమారు 700 కిలోమీటర్ల వేగముతో పోవును; ఎత్తు స్వల్పమగుటచే నావలోని వారికి తెలియనైన తెలియదు. ఒడ్డు దగ్గరపడి లోతు తగ్గినకొలది వేగము తగ్గును. గుంటూరు మిర్చియార్డు గేటు వద్ద ముందు బండి నెమ్మదింపగా వెనుక బండ్లన్నియు వచ్చి గుమిగూడుట మీరు చూచియున్నారు గదా. నీరును అట్లే గుమిగూడి ఎత్తు పెరుగును.

2007లో హైదరాబాదునందలి ఇన్‌కాయిస్ అను సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రము ఏర్పడినది. భూకంపము ఎక్కడ, ఎంతటిది అను సంగతి కొద్ది నిమిషములలోనే అచట తెలియును. కాని ప్రతి భూకంపమును అలను పుట్టింపదు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా వద్దనే 8.6 తీవ్రతతో భూమి కదలినను, పొరలు ప్రక్కకు జరిగినవేగాని పైకి లేవలేదు. పెద్ద అల రాలేదు. అందుచే సముద్రపు అడుగున నుంచిన పీడనమాపకములను, రేవులలోని నీటిమట్టమును చూచి హెచ్చరికను గట్టిపరచుటయో, ఎత్తివేయుటయో జరుగును. ఒకమారు అల రాలేదని రెండవమారు హెచ్చరికను చూచి నవ్వరాదు. మబ్బు పట్టగానే కల్లములోని మిరపకాయలపై పట్టా కప్పి, వాన కురియనందుకు ఎవడును విచారింపడు.

కబురు హైదరాబాదునుండి అధికారులకు, వారినుండి తీర గ్రామములకు చేరును. అయితే స్నానము చేయువాని సెల్‌ఫోను ఒడ్డున బట్టల మూటలోనో, ట్రాక్టరులోనో ఉండును. కావున గుంపులో ఒకరు ఫోనుతో ఒడ్డుననే కూర్చుండవలెను. పోలీసులుగాని, జాలరులుగాని బయటకు రమ్మన్నచో వాదింపక రావలెను. వారితో పందెములు వేయు పడుచువాండ్రను నేను చూచితిని. సుమత్రాలో కలిగిన భూకంపము మన కాళ్ల క్రింద తెలియకపోవచ్చును. నీరు అకస్మాత్తుగా వెనుకకు తీసినచో గవ్వలకు, చేపలకు పోరాదు. ఇసుకలో ట్రాక్టరు తిప్పుటకు ఆగక, పిల్లలను ఎత్తుకొని లోపలికి పరుగెత్తవలెను. గట్టి కాంక్రీటు మేడ దగ్గరనున్నచో పై అంతస్తు ఎక్కవలెను. మొదటి అలయే పెద్దది కానక్కరలేదు. తరువాతి అలలు కొన్ని గంటలవరకు రావచ్చును. ఒడ్డున విడిచిన బట్టలు, వంటపాత్రల కొరకు అధికారులు చెప్పువరకు తిరిగి పోరాదు.