మురుగునీటికి తోడు

ఆర్మూరు మార్కెట్‌కు పసుపు తెచ్చే రైతుల్ని అడిగి చూడండి. గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఊరూరా ఉన్నారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో జొరబడ్డాయి. అప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయుల్ని అమ్మాన్ మీదుగా విమానాల్లో స్వదేశం చేర్చారు. ఆ యుద్ధం గురించి మీ తాతో, పెదనాయనో చెప్పే కబుర్లలో ట్యాంకులు ఉంటాయి, తగలబడే చమురు బావులు ఉంటాయి. మురుగు కాలువ మాత్రం ఉండదు. మనం దాని సంగతే చెప్పుకుందాం.

1991 జనవరిలో ఇరాక్ విద్యుత్ కేంద్రాలపై బాంబులు పడ్డాయి. రాజధాని బాగ్దాద్ చీకటిలో మునిగింది. దీపం లేకపోతే కిరసనాయిలు బుడ్డి వెలిగించుకోవచ్చు. మరి మురుగు సంగతి? బాగ్దాద్ బల్లపరుపు నేల. అక్కడ మురుగు దానంతట అది పారదు, పంపులతో తోడి పంపాలి. పంపులు ఆగగానే అది వీధుల్లో మడుగులు కట్టింది. చాలాభాగం శుద్ధి కాకుండానే టైగ్రిస్ నదిలో కలిసింది. దిగువ ఊళ్ళవాళ్ళు తాగేది ఆ నది నీళ్ళే! టైఫాయిడ్, కలరా తలెత్తాయి.

కరెంటు తిరిగి రాగానే అంతా బాగుపడుతుందని మీరు అనుకుంటున్నారా? పిండిమర అయితే మీట నొక్కగానే తిరుగుతుంది. మురుగు శుద్ధి చేసే కర్మాగారం అలా కాదు. అందులో పనిచేసేవి యంత్రాలు కావు, ప్రాణులు!

పెద్ద తొట్టిలో కోట్లాది బాక్టీరియాలు మురుగులోని మలినాన్ని తింటాయి. తినడానికి వాటికి ప్రాణవాయువు కావాలి. అందుకే గాలిని రాత్రింబగళ్ళు ఆ తొట్టి అడుగునుంచి బుడగలుగా పంపుతారు. కర్మాగారం వాడే కరెంటులో ఇంచుమించు సగం ఈ గాలికే ఖర్చవుతుంది. తిని బలిసిన బాక్టీరియాలు గోధుమరంగు రేకలుగా పెనవేసుకుంటాయి. పక్క తొట్టిలో అవి మడ్డిగా అడుగుకు చేరతాయి, పైన తేటనీరు మిగులుతుంది. ఆ మడ్డిలో కొంత తీసి మళ్ళీ మొదటి తొట్టిలో పోస్తారు. ఇది ఎక్కడో చూసినట్టు లేదూ? మీ అమ్మ నిన్నటి పెరుగు ఒక చెంచా తీసి నేటి పాలలో వేస్తుంది కదా, అదే పని.

ఈ కిటుకు 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు పట్టుకున్నారు. మురుగులోకి గాలి ఊదితే మొదటిసారి పూర్తిగా శుభ్రపడడానికి అయిదు వారాలు పట్టింది. మడ్డి పారబొయ్యకుండా ఉంచి, దాని మీదే కొత్త మురుగు పోస్తూ వచ్చారు. మడ్డి పెరిగినకొద్దీ ఆ పని ఒక్క రోజులోనే అయింది, ఆ తర్వాత కొన్ని గంటల్లోనే!

గాలి ఆగితే తొట్టిలోని ప్రాణవాయువు చూస్తుండగానే అయిపోతుంది. గాలి కావలసిన జీవులు క్రమంగా చస్తాయి. గాలి అక్కరలేనివి రాజ్యమేలుతాయి. అవి విడిచేది కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడు. మోతాదు మించితే అది మనిషిని క్షణాల్లో చంపుతుంది. తడిగోడల మీద మరికొన్ని బాక్టీరియాలు దాన్ని గంధకికామ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం కాంక్రీటును తినేస్తుంది. అంటే బాంబు తగలని గొట్టం కూడా పాడవుతుందన్నమాట.

బాగ్దాద్ కష్టం అక్కడితో తీరలేదు. ఆంక్షల వల్ల విడిభాగాలూ క్లోరినూ సరిగా దొరకలేదు. కర్మాగారాలు ఏళ్ళ తరబడి కుంటుతూ నడిచాయి. 2003 యుద్ధం తర్వాత లూటీలు జరిగాయి. నగరపు పెద్ద శుద్ధి కర్మాగారాలన్నీ మూలపడ్డాయి. నదికి పడమటి వైపున్న కర్ఖ్ కర్మాగారం తిరిగి పనిచేయడం 2004 మే నెలలో గాని మొదలుకాలేదు.

ఇలాంటి చోట పని ఎలా సాగుతుంది? ముందు గడ్డకట్టిన పాత బురద తవ్విపోయాలి. విషవాయువు లేదని తేల్చుకోకుండా మనిషిని లోపలికి దింపకూడదు. తర్వాత పంపులు, మోటార్లు, గాలి ఊదే యంత్రాలు బాగుచేస్తారు. అప్పుడు తోడు వేయాలి. బాగా నడుస్తున్న మరో కర్మాగారం నుంచి ట్యాంకర్లలో మడ్డి తెస్తారు. మనింట్లో పెరుగు లేకపోతే పొరుగింటికి గిన్నె పట్టుకు వెళ్ళమూ? పొరుగిల్లు కూడా కూలిపోయి ఉంటే మాత్రం మురుగులో ఉన్న జీవులే పెరిగేదాకా వారాలు కాచుకోవాలి.

మొదట మురుగును కొద్దికొద్దిగానే వదలాలి. తినేవి తక్కువ, తిండి ఎక్కువ అయితే తొట్టినిండా సబ్బునురుగులాంటి తెల్లని నురగ పొంగుతుంది. అమోనియాను మార్చే బాక్టీరియాలు మరీ నెమ్మది. కొన్ని బాక్టీరియాలు ఇరవై నిమిషాల్లో రెట్టింపైతే, వీటికి ఒక రోజో అంతకన్నా ఎక్కువో పడుతుంది. ఇంజనీరు ఎంత తొందరపెట్టినా అవి వినవు. ఆయన రోజూ గాజు జాడీలో లీటరు నీరు పట్టి అరగంట కదపకుండా ఉంచుతాడు. మడ్డి గోధుమరంగు తిరిగి చక్కగా అడుగుకు దిగి, పైన తేట కనబడిన రోజున ఆయన హాయిగా నిద్రపోతాడు.

మీరూ ఒక పరీక్ష చేయవచ్చు. బియ్యం కడిగిన కుడితి రెండు గ్లాసుల్లో పోయండి. ఒకదాన్ని కదపకండి. రెండోదానిలోకి చేపల తొట్టెకు వాడే చిన్న గాలిపంపుతో ఎడతెగకుండా గాలి పంపండి. మూడో రోజు రెండిటినీ వాసన చూడండి. కదపని గ్లాసుకు మాత్రం ముక్కు మరీ దగ్గరగా పెట్టకండి!